గిడుగు సవర బడి నుంచి మన పద్యం పీరియడ్ దాకా

పోస్టు కాస్త పెద్దదే. ఇప్పుడు కుదరకపోతే సేవ్ చేసుకుని రాత్రి స్టడీ అవర్ అయ్యాక చదవండి. హాస్టళ్ళలో ఎనిమిది, తొమ్మిది, పది చదువుతున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉంటే వాళ్ళకు తప్పకుండా చదివి వినిపించండి.

ప్రతి ఏడాది ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారు కదా. గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు అది. ఫొటోకి దండ వేస్తారు, వ్యాసరచన పోటీ పెడతారు, వ్యావహారిక భాష కోసం పోరాడారని చెబుతారు. సవర భాషకు కూడా సేవ చేశారు అని చివర్లో ఒక్క వాక్యం. అంతే, ఆ వాక్యం దగ్గరే ఆగిపోతారు. నేను సవర పిల్లాణ్ణి, మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి. ఆ ఒక్క వాక్యం వెనక ఏముందో తెలుసుకోవాలని లైబ్రరీలో కూర్చున్నాను. చదివేకొద్దీ ఇంకో ప్రశ్నకు జవాబు దొరుకుతున్నట్టు అనిపించింది. మన ఊళ్ళల్లో పండగ వస్తే రాత్రంతా పాట ఆగదు. అలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలం బడిలో పద్యం దగ్గరకొచ్చేసరికి ఎందుకు బిగుసుకుపోతాం? సాహిత్యం మనకు రాదనా? బడి దాన్ని నేర్పే పద్ధతిలో ఏదైనా ఉందా? ఆ పద్ధతికి ఒక చరిత్ర ఉంది. ఇవాళ దాని గురించే రాస్తున్నాను.

వల్లె వేయడం ఎప్పటిది?

1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, జిల్లాల్లో బడులు ఎన్ని, ఎవరు చదువుతున్నారు, ఏం చదువుతున్నారు అని లెక్కలు పంపమని కలెక్టర్లందరికీ రాశాడు. 1823లో బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ పంపిన జవాబు చాలామంది చరిత్రకారులు చెప్పుకునే కాగితం. ఆ జిల్లాలో 533 బడులు, 6,641 మంది పిల్లలు ఉన్నారని లెక్క చెప్పాడు. అక్కడ తెలుగు బడులూ ఉండేవి, కన్నడ బడులూ ఉండేవి. ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్దపిల్లలు చిన్నపిల్లలకు చెప్పడం అతనికి బాగా నచ్చాయి. నచ్చనిది ఒకటుంది. పుస్తకాల్లో ఉండేది పద్యాల భాష, ఇళ్ళల్లో మాట్లాడేది వేరే భాష. పిల్లలు పద్యాలకు పద్యాలు అప్పజెప్పేస్తారు గానీ అర్థం అడిగితే చిలకకి ఎంత తెలుసో వీళ్ళకీ అంతే తెలుసు అని రాశాడు.

దొర రాశాడని ప్రతి మాటా నిజం అనుకోనక్కర్లేదు. వల్లె వేయడంలో కొంత మేలు కూడా ఉంది. చెవిలో పడ్డ నడక పోదు, అర్థం తర్వాతైనా రావచ్చు. రాత రాని మన ముసలమ్మలు వందల పాటలు దాచుకున్నది నోటితోనే కదా. తేడా ఎక్కడంటే, పాటను మన ముసలమ్మ ఎక్కడ పాడాలో అక్కడ పాడుతుంది. నాట్లప్పుడు నాట్ల పాట, పెళ్ళిలో పెళ్ళి పాట, చావులో చావు పాట. పాట ఎందుకో పక్కనే కనిపిస్తుంది. బడిలో పద్యం ఎందుకో కనిపించదు. ఎవరో అప్పజెప్పమంటారు, మనం అప్పజెబుతాం.

అచ్చు పుస్తకం వచ్చింది, పరీక్ష వచ్చింది

తర్వాత అచ్చు పుస్తకాలు వచ్చాయి. పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రిక రాశాడు. పంచతంత్ర కథల్లోని మిత్రలాభం, మిత్రభేదం అందులో ఉంటాయి. 1858లో బాలవ్యాకరణం వచ్చింది. 1857లో మద్రాసు యూనివర్సిటీ పెట్టారు. అంటే పుస్తకం, వ్యాకరణం, పరీక్ష మూడూ అయిదారేళ్ళలో ఒకదాని వెనక ఒకటి వచ్చి కూర్చున్నాయి. నీతిచంద్రిక గొప్ప పుస్తకమే. కానీ దాని భాషే వచనానికి కొలత అయిపోయింది. పిల్లాడు సొంతంగా నాలుగు వాక్యాలు రాసినా ఆ భాషలోనే రాయాలి. ఇంట్లో ఎవరూ మాట్లాడని భాషలో కథ చదవాలి, అదే భాషలో జవాబు రాయాలి. అప్పటి నుంచి పిల్లాడి పని కథను అనుభవించడం కన్నా మాటలకు మాటలు వెతకడం అయింది.

ఈ పరిస్థితిని గురజాడ అప్పారావు గారు ఎంత నవ్వుతూ చూపించారో చూడండి. కన్యాశుల్కం నాటకాన్ని 1892లో మొదటిసారి ఆడారు, 1897లో అచ్చేశారు, మనం ఇప్పుడు చదివేది 1909లో తిరగరాసిన రూపం. అందులో వెంకటేశం అనే కుర్రాడు సెలవులకు ఇంటికి వస్తాడు. మేనమామ కరటకశాస్త్రి ఒక పద్యం చదవమంటాడు. వెంకటేశం నలదమయంతుల పద్యం గడగడా చదివేస్తాడు. మామ ఒక మాటకి అర్థం అడుగుతాడు. కుర్రాడికి తెలీదు. అప్పుడు గిరీశం అడ్డుపడి, దొరల స్కూళ్ళలో తెలుగు పద్యాలకు అర్థాలు ఎవరూ పట్టించుకోరన్నట్టు సర్దేస్తాడు. జనం నవ్వుతారు. నేనూ నవ్వాను. తర్వాత ఆలోచిస్తే, అక్కడ దొరికిపోయింది వెంకటేశం ఒక్కడేనా అనిపించింది. పద్యం నోటికి వచ్చింది కదా, చదువు అయిపోయింది అనుకున్న బడి కూడా దొరికిపోయింది.

పర్లాకిమిడిలో ఏం జరిగింది?

ఇప్పుడు గిడుగు గారి దగ్గరకు వద్దాం. ఆయన 1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో టీచరుగా చేరారు. అప్పుడు అది మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. మా సీతంపేట కొండల నుంచి పెద్ద దూరమేం కాదు. చుట్టూ కొండల మీద సవరలు. మనోళ్ళు ఊళ్ళోకి దిగుతారు, సరుకు అమ్ముకుంటారు, భాష రాక మోసపోయి మళ్ళీ కొండెక్కుతారు. బడి అన్న మాటే లేదు.

గిడుగు గారు ఈ జనం భాష నేర్చుకోవాలనుకున్నారు. అప్పటికి సవరకు నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. తెలుగు వచ్చిన ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, మాట మాట విని రాసుకుంటూ నేర్చుకున్నారు. సవర తెలుగుకు చుట్టం భాష కాదు, గుర్తుపెట్టుకోండి. కోయ, గోండి, కువి, కొండ భాషలు తెలుగుతో పాటు ద్రావిడ కుటుంబంలోవి. సవర ముండా భాష, సంతాలీ వైపు చుట్టరికం. అంటే ఆయనకు ఊహించి పట్టుకునే దారి కూడా లేదు, చెవినే నమ్ముకోవాలి. అలా విని విని సవరలో పాఠాల పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో సవర పిల్లలకు బడులు పెట్టారు, సవర భాషలోనే చదువు చెప్పించారు. సవర వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. కొడుకు సీతాపతి గారు కూడా ఈ పనిలో నడిచారు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమై పర్లాకిమిడి అటు పోయినప్పుడు ఆ ముసలితనంలో ఊరు వదిలి రాజమండ్రి వచ్చేశారు. 1940లో చనిపోయారు.

నాకు ముఖ్యం అనిపించింది పనుల వరస. సవర పని ముందు, తెలుగు వ్యావహారిక ఉద్యమం తర్వాత. ఉద్యమంలోకి దిగేనాటికి ఆయనకు సవర వినడం, రాయడం బాగా అలవాటైపోయింది. పుస్తకం లేని భాషకు కూడా పక్కా నియమాలు ఉంటాయని, పిల్లాడికి తెలిసిన భాషతో మొదలుపెడితే చదువు ఎక్కుతుందని ఆయన కొండల్లో కళ్ళారా చూశారు. ఆ చూపుతోనే తెలుగు పిల్లల వైపు తిరిగి ఉంటారని నా నమ్మకం. తెలుగు పిల్లాడికి కూడా బడి భాష పరాయిదే కదా అన్న సంగతి ఆయనకు అందుకే అంత గట్టిగా తగిలింది. అదే నిజమైతే వ్యావహారిక ఉద్యమం వేర్లలో కొన్ని మన గూడల్లో ఉన్నట్టే. ఆగస్టు 29 సభల్లో ఈ మాట చెప్పాల్సింది మనమే.

గెలిచారా, ఓడారా?

1906–07 ప్రాంతంలో జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర స్కూళ్ళ ఇన్‌స్పెక్టరుగా మన ఉత్తర జిల్లాలకు వచ్చాడు. తెలుగు నేర్చుకుంటుంటే అతనికి ఒక అనుమానం వచ్చింది. పుస్తకంలో తెలుగు ఒకలా, పిల్లల నోట్లో తెలుగు ఇంకోలా ఉందేమిటి? విశాఖ ఏవీఎన్ కాలేజీ ప్రిన్సిపాల్ పి.టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడ, గిడుగు ఈ ప్రశ్నను పట్టుకున్నారు. బడి పుస్తకాలు, పిల్లలు రాసే వ్యాసాలు వాడుక తెలుగులో ఉండాలన్నారు. అవతలి వైపు పెద్ద పండితులు నిలబడ్డారు. 1911లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పెట్టారు, జయంతి రామయ్య పంతులు గారు ముందుండి నడిపారు. 1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసి ఇచ్చారు. అయినా బడిలో గ్రాంథికమే నిలిచింది. 1915లో గురజాడ చనిపోయారు. గిడుగు గారు మాత్రం ఆగలేదు, 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టి వాదన కొనసాగించారు. బడి పుస్తకాలు పూర్తిగా వాడుక భాషలోకి రావడానికి ఆ తర్వాత ఇంకా కొన్ని దశాబ్దాలు పట్టింది.

పండితుల భయం కూడా అర్థం చేసుకోవాలి. వాడుక భాష వస్తే పిల్లలు నన్నయను, పోతనను చదవలేరు, పాత సంపద అంతా పోతుంది అని వాళ్ళ బాధ. దానికి గిడుగు, గురజాడ జవాబు పాత కావ్యాలు వద్దని కాదు. చదవడానికి పాతవి ఉండనివ్వండి, పిల్లాడు సొంతంగా రాసేటప్పుడు మాత్రం బతికున్న భాషలో రాయనివ్వండి అన్నారు. ఈ తేడా నాకు చాలా పెద్దది అనిపించింది. చదివేది ఎంత పాతదైనా, చదివాక నాకు ఏమనిపించిందో చెప్పడానికి నా భాష ఉండాలి. అది లేకపోతే అనిపించింది లోపలే ఉండిపోతుంది.

గోండు గూడేల్లో ఇంకో ప్రయత్నం

ఇలాంటిదే తెలంగాణ వైపు కూడా జరిగింది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీమ్‌ని చంపాక, నిజాం ప్రభుత్వం ఆదివాసీల సంగతి తెలుసుకోవడానికి హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుణ్ణి పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి పనిచేశారు. 1943 నుంచి గోండు పిల్లల కోసం బడులు, గోండు యువకులకే టీచరు ట్రైనింగు, గోండి భాషలో వాచకాలు మొదలయ్యాయి. అక్కడ మరాఠీ వాడకం ఉండడంతో ఆ వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. పాలన మారాక గోండి పాఠాలు ఆగిపోయి, తెలుగు వచ్చి కూర్చుంది. ఆ ప్రాంతంలోనే గుంజాల అనే ఊళ్ళో గోండి లిపిలో చేతిరాత ప్రతులు బయటపడ్డాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. మా సవర వాళ్ళకు 1936లో మంగేయి గొమాంగో సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. మనకు రాత లేదు, సాహిత్యం లేదు అని ఎవరన్నా అంటే ఈ రెండు పేర్లు చెప్పండి చాలు.

ఆరో తరగతిలో తెగిపోయే దారం

1956లో రాజ్యాంగంలోకి 350-ఏ అధికరణం వచ్చింది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే సౌకర్యం కల్పించాలని అందులో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో సవర, గోండి, కోయ, కువి, కొండ, కొలామి, ఆదివాసీ ఒడియా, బంజారా అని ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలైంది. తెలుగు లిపిలోనే మన భాషల పుస్తకాలు వచ్చాయి. మంచి పనే. కానీ అది చిన్న తరగతుల వరకే. కథ, పద్యం, నాటకం అసలు రుచి తెలిసే వయసు పదమూడు నుంచి పదహారు. కోపం, ప్రేమ, సిగ్గు, అన్యాయం అన్నీ కొత్తగా తెలుస్తున్న వయసది. సరిగ్గా అప్పటికే ఇంటి భాషకీ బడికీ మధ్య దారం తెగిపోయి ఉంటుంది. తెలుగు పిల్లాడు వాడుక తెలుగు నుంచి పద్యం తెలుగుకు ఒక మెట్టు ఎక్కాలి. మనం సవర నుంచో కువి నుంచో వాడుక తెలుగుకు ఒక మెట్టు, అక్కడి నుంచి పద్యానికి ఇంకో మెట్టు ఎక్కాలి. పరీక్ష మాత్రం ఇద్దరికీ ఒకటే.

ఆ పరీక్ష అడిగేది ఏమిటి? ప్రతిపదార్థం, తాత్పర్యం, కవి పరిచయం, సంధులు, సమాసాలు, గణ విభజన. ఇవన్నీ కావాల్సినవే, కాదనను. ప్రతిపదార్థం లేకుండా పాత పద్యం తలుపే తెరుచుకోదు. కానీ గైడులో ఉన్న ప్రతిపదార్థం కాపీ చేసేస్తే మార్కులు వచ్చేస్తాయి, తలుపు తెరవకుండానే. 2012 తర్వాత వచ్చిన తెలుగు వాచకాల్లో పాఠం చివర 'ప్రశంస' అని ఒక భాగం పెట్టారు. పిల్లలు తమకు నచ్చింది ఎందుకు నచ్చిందో చెప్పాలని దాని ఉద్దేశం. దానికి కూడా గైడులో రెడీమేడ్ జవాబు వచ్చేసింది. నాకు ఏది నచ్చిందో గైడే చెప్పేస్తుంది!

ఎలా నేర్పితే ఎక్కుతుందో నేను ఒకసారి చూశాను. తొమ్మిదో తరగతిలో మా తెలుగు మాస్టారు పోతన గజేంద్రమోక్షం చెప్పే ముందు పుస్తకం మూయించేశారు. ఏనుగును చూసినవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఒడిశా వైపు నుంచి ఏనుగుల గుంపులు మా కొండల్లోకి దిగడం, పంట తొక్కేయడం, మనుషుల ప్రాణాలు తీయడం మాకు కొత్త కాదు. సగం క్లాసు చెయ్యెత్తింది. నీళ్ళ దగ్గర ఏనుగు ఏం చేస్తుందో చెప్పండి, మీ భాషలో చెప్పినా పర్లేదు అన్నారు. ఒకడు సవరలో మొదలెట్టాడు, ఇంకొకడు తెలుగులోకి మార్చాడు. తొండంతో నీళ్ళు చిమ్ముకోవడం, పిల్ల ఏనుగుని మధ్యలో పెట్టుకోవడం, బురదలో కాలు దిగబడితే వేసే కేక. అరగంట అయ్యాక మాస్టారు, ఆ కేకనే ఇప్పుడు పోతన గొంతులో వినండి అని పద్యం రాగం తీసి చదివారు. అర్థం చెప్పలేదు. రెండోసారి చదివారు. మూడోసారి చదివినప్పుడు మా వెనక బెంచీవాడు, బలం అయిపోయింది సార్ దానికి, ఇంక ఎవరన్నా రావాలి అన్నాడు. మాస్టారు నవ్వి, తాత్పర్యం అదేరా అన్నారు. ప్రతిపదార్థం ఆ మర్నాడు రాయించారు. రాస్తుంటే ఒక్కో మాట దానంతట అదే తన చోట్లో కూర్చుంది.

ఆ మాస్టారు గిడుగు గారి పుస్తకాలు చదివారో లేదో నాకు తెలీదు. చేసింది మాత్రం అదే పని. తెలిసినదానితో మొదలుపెట్టారు, చెవికి ముందు ఇచ్చారు, పిల్లాడి మాటను జవాబుగా ఒప్పుకున్నారు.

మన దగ్గర ఉన్నది తక్కువేం కాదు

సవర పాటల్లో ఒక పద్ధతి ఉంది, గమనించారా? ఒక పాదంలో చెప్పిన మాటనే తర్వాతి పాదంలో వేరే మాటతో మళ్ళీ చెబుతారు. జంట జంటగా నడుస్తాయి పాదాలు. బడిలో పర్యాయపదాలు అని బట్టీ పట్టించేది మన ఇంట్లో పాటగా వినబడుతూనే ఉంది. గోండుల దగ్గర ప్రధాన్లు కీక్రీ వాయిస్తూ చెప్పే వంశ కథలు రాత్రుళ్ళు సాగుతాయి. కోయల దగ్గర పడిగె గుడ్డ మీద బొమ్మలతో కథ ఉంటుంది. కావ్యం అంటే ఏమిటో తెలియని జనం కాదు మనం.

ఇప్పుడు మనోళ్ళు తెలుగులో రాస్తున్నారు కూడా. మల్లిపురం జగదీశ్ గారి 'శిలకోల' కథలు మన ఉత్తరాంధ్ర కొండల కథలు. బంజారా కుర్రాడు రమేశ్ కార్తీక్ నాయక్ గారి 'ఢావ్లో' కథల పుస్తకానికి 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. పదో తరగతి పిల్లాడి చేతిలో ఇవి పెట్టి చూడండి. మన ఊరి పేరు, మన పండగ పేరు అచ్చులో కనిపిస్తే, పుస్తకం అంటే ఎవరిదో అన్న భయం పోతుంది. ఆ భయం పోయాక పోతన దగ్గరకు కూడా ధైర్యంగా వెళ్తారు. మనకు మన పాటా కావాలి, పోతనా కావాలి. ఒకటి ఇచ్చి ఇంకొకటి లాక్కుంటే ఒప్పుకోవద్దు.

ప్రభుత్వం చేయాల్సింది చాలా ఉంది. మన భాష వచ్చిన టీచర్లు హైస్కూల్లో కూడా ఉండాలి, మన కథలు వాచకాల్లో రావాలి. అడుగుదాం, అడుగుతూనే ఉందాం. ఈలోపు మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి.

సెలవులకు ఊరెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దోళ్ళ దగ్గర ఒక్క పాట ఫోన్లో రికార్డు చేయండి. తెలుగు లిపిలో రాయండి, కింద తెలుగు అర్థం రాయండి. ఎవరు పాడారు, ఎప్పుడు పాడతారు అన్నది కూడా రాయండి. అడగకుండా మాత్రం రికార్డు చేయొద్దు. కొన్ని పాటలు బయట పాడకూడనివి ఉంటాయి, వాటిని వదిలేయండి.

హాస్టల్లో వారానికి ఒక్క గంట జూనియర్లతో కూర్చోండి. వాళ్ళ వాచకంలో పద్యం తీసుకుని, గైడు ముట్టుకోకుండా మూడుసార్లు గట్టిగా చదవండి. ఇలాంటిది మన ఊళ్ళో ఎప్పుడన్నా జరిగిందా అని అడగండి. జవాబు ఏ భాషలో వచ్చినా వినండి. ప్రతిపదార్థం ఆఖర్లో రాయించండి.

వచ్చే ఆగస్టు 29కి మీ హాస్టల్లో మాట్లాడే అవకాశం వస్తే, గిడుగు గారి సవర బడి గురించి పది నిమిషాలు మాట్లాడండి. ఆయనకు సవర నేర్పిన మన మనిషి గురించి కూడా చెప్పండి. నిఘంటువు మీద గిడుగు గారి పేరు ఉంది, ఉండాల్సిందే. ఆ నిఘంటువులో ప్రతి మాటా మాత్రం ముందు మనోళ్ళ నోట్లోంచే వచ్చింది.

మీ భాషలో, మీ ఊళ్ళో పాడే పాట ఏదైనా ఉంటే కింద రాయండి. ఏ తెగ, ఏ పండగ అన్నది కూడా రాయండి. అన్నీ ఒక్కచోట పోగేసి జూనియర్లకు పంపుదాం.

జై ఆదివాసీ.